వేరు పెట్టిన గిలాస

"నోరు తెరువవ్వా. ఒక్కపారి తెరువు. నేనేమన్న కొరుక్క తింటనా నిన్ను?"

బాపు నేల మీద గొంతుక్కూర్చుని బతిమాలుతున్నాడు. బాపమ్మ గోడ వైపు తిరిగి ఉంది. కొంగు ముక్కు దాకా లాక్కుంది. ఆమె ముందు పెట్టిన అంబలి గిన్నె నిన్నటి నుంచి మూడోది. మొదటి రెండూ బర్రె తాగింది.

రెండు రోజులుగా మా ఇంట్లో ఎవరికీ బాపమ్మ గొంతు వినపడలేదు.

"రెండొద్దులాయె, మనిషి కడుపులకు మెతుకు పోలే," అంటూ బాపు అమ్మ వైపు తిరిగాడు. "ఇంట్ల ఉండి నువ్వేం జేస్తున్నవే?"

అమ్మ వాకిట్లో ఆరబోసిన పసుపు కొమ్ములను కాళ్ళతో తిరగేస్తోంది. ఆగలేదు.

"నన్నడుగుతవేంది? మీ అవ్వ నా చేతి నీళ్ళు తాగక నెలాయె. గిలాస వేరు, తల్లె వేరు. నా చేతులకేమన్న పురుగులు వడ్డయా?"

"ముసల్ది. ఏదో కోపమొచ్చి ఉంటది."

"ఏం కోపమో చెప్పమను. నా ముంగట తిట్టమను. వడుత. పద్దెనిమిదేండ్ల సంది వడుతనే ఉన్న. గీ మూగనోము ఎందుకు?"

కిటికీ పక్క గూట్లో బాపమ్మ స్టీలు గిలాస, ఆమె అన్నం తినే తల్లె మీద బోర్లించి ఉంది. నెల నుంచి వాటిని ఆమే కడుక్కుంటుంది, ఆమే బోర్లించుకుంటుంది. ఇంకొకరు ముట్టుకోబోతే చేయి పట్టి ఆపేస్తుంది.

నేను సగం అల్లిన జడ పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. కాలేజీ బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

పసుపు ఎండిందా లేదా అన్నది బాపమ్మ కొమ్ము కొరికి చెబుతుంది. మా వాడకట్టులో వాళ్ళంతా కొంగుల్లో నాలుగు కొమ్ములు కట్టుకుని ఆమె దగ్గరికే వస్తారు. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక కూడా ఆమె ఆ పని మానలేదు. ఈ ఏడు మాత్రం ఒక్క కొమ్మూ కొరకలేదు. చేత్తో విరిచి, ఆ చప్పుడు విని చెబుతోంది. అది నేను తప్ప ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్న సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు.

"వదినే, పిలిచినవంట?"

రూత్ అక్క గేటు తీసుకుని వచ్చింది. మా వెనక గల్లీలోనే ఉంటుంది. బస్టాండు దగ్గర పళ్ళ దవాఖానలో పని చేస్తుంది. డ్యూటీకి తయారై, భుజాన సంచితోనే వచ్చింది.

"నువ్వే జూడు రూతూ," అంది అమ్మ. "మాతోని కాలే."

రూత్ అక్క బాపమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

"ఏందవ్వా, నేను చూడని నోరా ఇది? రెండేండ్ల కింద నీ పండ్లన్నీ పీకిన్నాడు బేసిన్ వట్టింది ఎవలు? గప్పుడు నువ్వు తిట్టిన తిట్లు నాకింక యాదికున్నయి. జర గవన్న తిట్టు."

బాపమ్మ భుజాలు కదిలాయి. నవ్విందేమో. కొంగు మాత్రం దిగలేదు.

రూత్ అక్క ఇంకా దగ్గరికి వంగింది. ఏదో వాసన తగిలినట్టు ఆమె ముఖం మారింది. మేము ఆ వాసనకు అలవాటు పడిపోయాము. పసుపు కాలంలో మా ఇల్లంతా ఏదో ఒక వాసన వస్తూనే ఉంటుంది.

"నొప్పి ఎన్ని దినాల సంది?" అని అడిగింది. ఈసారి గొంతులో హాస్యం లేదు.

"నాలుగైదు దినాలు," అన్నాడు బాపు.

"యాడి నాలుగైదు? పది దాటింది," అంది అమ్మ. "కారం తగిలితే ముఖం అట్లిట్ల వెట్టుడు నేను జూస్తలేనా?"

"సరిగ చెప్పాలె అన్నా. నోట్ల పుండు రెండు వారాలైనా మానలేదంటే దాన్ని ఊకె ఇడిచిపెట్టొద్దు."

"వారం అనుకో."

"అనుకునుడు గాదు."

నేను ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ తలుపు దగ్గరికే వెళ్ళాను. నలుగురిలో మాట్లాడమంటే నాకు చిన్నప్పటి నుంచీ అంతే. బళ్ళో హాజరు పలకడానికి కూడా నన్ను రెండుసార్లు పిలవాల్సి వచ్చేది.

"నలభై ఒక్కటి," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"ఏంది?" అన్నాడు బాపు.

"నలభై ఒక్క దినాలు. నేను నోట్‌బుక్కుల రాసుకున్న."

పుస్తకం తెమ్మంది రూత్ అక్క. తెచ్చాను. చదవమంది. అక్షరాలు కదులుతున్నట్టు అనిపించింది.

"ఫిబ్రవరి మూడు. బాపమ్మ మామిడికాయ తొక్కు వద్దన్నది. మండుతుందట. ఫిబ్రవరి పది. గిలాస వేరు పెట్టుకున్నది. ఫిబ్రవరి పదహారు. జొన్నరొట్టె పాలలో నానబెట్టుకున్నది. ఎడమ పక్క నమలడం లేదు."

దాని కింద ఇంకో మాట ఉంది. 'ఇవాళ బాపమ్మ కొంగు జారింది. నవ్వితే, చనిపోయిన కమలవ్వ బాపమ్మ నవ్వినట్టే ఉంది. భయమేసింది.' అది చదవకుండా పుస్తకం మూసేశాను.

బాపమ్మ మెల్లగా ఇటు తిరిగింది. రెండు రోజుల తర్వాత నోరు తెరిచి మొదటి మాట నాతోనే అంది.

"నా మీద రాస్తున్నవా?"

లేచి గోడ పట్టుకుంటూ లోపలి అర్రలోకి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

* * *

బాపు తలుపు బాదాడు. అమ్మ బాపును తిట్టింది. బాపు పసుపును తిట్టాడు, కాలాన్ని తిట్టాడు, చివరికి నా నోట్‌బుక్కును కూడా తిట్టాడు.

"అన్నా, మీరు జర అవతలకు పోండి," అంది రూత్ అక్క. "నాకు తొమ్మిదిన్నర దాకా టైమున్నది. పిల్లను మాట్లాడనీ."

నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. అవతల కూడా ఎవరో ఆనుకుని కూర్చున్నట్టు చెక్క కొంచెం కదిలింది.

"బాపమ్మా, నోట్‌బుక్కు చింపేస్త."

తలుపు అవతలి నుంచి జవాబు వచ్చింది. మాట ముద్దముద్దగా ఉంది.

"చింపకు. చింపితే ఏం లాభం? దినాలు ఎనకకు వోతయా?"

నేను పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను.

"అక్క మీద గూడ రాసినవా?"

అక్క అంటే కమలవ్వ బాపమ్మ. బాపమ్మకు సొంత అక్క. దొంకేశ్వర్‌లో ఉండేది. పిల్లలు లేరు. పది దాకా నేను ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. ఆమె బీడీలు చుడుతూ తంబాకు చిటికెడు చెంపలో పెట్టుకునేది. మొన్న బతుకమ్మ పండుగకు ముందు చనిపోయింది. నోట్లో పుండు.

"రాసిన," అన్నాను.

"ఏమని?"

"గామె నోట్ల పుండు మొదలు నాకే చూపెట్టింది బాపమ్మా. పోయినేడు, నా పరీక్షలకు ముందు. ఎవ్వలకు చెప్పకు బిడ్డా అన్నది. నేను చెప్పలే. మూడు నెలలు చెప్పలే. నువ్వొచ్చి చూసేసరికి..."

ఈ సంగతి నేను నోట్‌బుక్కుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

గడియ తీసిన చప్పుడైంది.

అర్రలో చీకటిగా ఉంది. బాపమ్మ పసుపు బస్తాకు ఆనుకుని కూర్చుంది. నన్ను దగ్గరికి రమ్మని, కొంగు దించింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి కింది పళ్ళను లాగింది. రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకోసారి లాగితే, తడి మట్టిలో దిగిన చెప్పును పీకినప్పుడు వచ్చే చప్పుడుతో ఊడాయి. తర్వాత పైవి తీసింది.

నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా, జిగటగా ఉన్నాయి. గులాబీ రంగు ఉండాల్సిన చోట పసుపు దిగి ఉంది. పైవరుస ముందు పళ్ళ మధ్య జొన్నగింజ పట్టేంత సందు ఉంది.

ఆ సందు నాకు తెలుసు. పళ్ళు కట్టించుకున్నప్పుడు కమలవ్వ బాపమ్మ డాక్టరుతో కొట్లాడి పెట్టించుకుంది. 'సందు లేకుంటే నేను కమలవ్వనెట్లయిత సారూ' అంది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"బాపమ్మా, ఇవి..."

"ఊఁ."

"మరి నీవి?"

"బండ మీద కడుగుతుంటే చెయ్యి జారినయి. రెండు తుకుడాలైనయి. మీ బాపుకు చెప్పబుద్ధి గాలే. పెట్టిచ్చిన్నాటి సంది జాగ్రత్తవ్వా, జాగ్రత్తవ్వా అని ఒక్కటే పాట. అక్క పండ్లు దవాఖానోళ్ళు డబ్బల వెట్టి నా చేతికే ఇచ్చిన్రు. నా సందుగ పెట్టెల ఉండె."

నేను అరచేతిని ఒంటికి దూరంగా చాపాను. ఆమె అది చూసింది.

"ఊకెనే పెట్టుకున్ననా? మైల వోవాలె గద. గుడ్డల మూట గట్టి పసుపు ఉడికే కొప్పెరల ముంచిన. అండ్ల మునిగినంక ఇంక ఏ మైల ఉంటది? కడిగితే మీరు చూస్తరని మళ్ళ తియ్యలే. పండుకున్నప్పుడు గూడ తియ్యలే."

కిటికీ తలుపు కొంచెం తీసి ఆమె నోట్లోకి చూశాను. ఎడమ పక్క కింది చిగురు మీద, నాలుక అంచు దాకా పసుపు పొడి ఎండి గట్టిపడి ఉంది. పుండు అని తానే అద్దుకుంది. దాని చుట్టూ తెల్లగా, ఆ తెలుపు చుట్టూ ఎర్రగా ఉంది. మధ్యలో ఏముందో పసుపు వల్ల కనిపించలేదు.

"మరి గిలాస ఎందుకు వేరు పెట్టినవు?"

"అక్కకు ఆఖరి దినాలల్ల తినవెట్టింది నేనే గద. ఆమె తల్లెల్నే తిన్న. ఆమె రోగం నాకంటింది. మీకు అంటొద్దు." కొంగుతో పెదవులు తుడుచుకుంది. "మీ అమ్మ ఏదో అనుకుంటున్నది. అనుకోనీ. అనుకుంటే సావరు గద."

బయట రూత్ అక్క గడియారం చూసుకుంటూ ఉంటుంది.

బాపమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

అవే మాటలు. అదే గొంతు అన్నట్టుగా ఉంది. పళ్ళు లేని నోటి నుంచి వస్తే అందరి మాటా ఒకేలా ఉంటుందేమో.

నేను ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాను. పళ్ళు అరచేతిలో పెట్టుకుని బయటికి నడిచాను.

* * *

రూత్ అక్క పళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది. చాప మీద పెట్టింది. ఒక పక్క నేలకు ఆనలేదు. వేలితో నొక్కితే ఎగిరెగిరి పడింది.

"మా దగ్గర చేసిన సెట్టు గాదిది."

"గాకపోవుడేంది? నేనే తీస్కవోయి చేపిచ్చిన గదా," అన్నాడు బాపు.

అమ్మ వంగి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"గీ సందు... కమలత్తమ్మ పండ్లు గదా ఇవి!"

బాపమ్మ గడపలో నిలబడింది. మొదటిసారి ఆమె ముఖం మీద కొంగు లేదు. బుగ్గలు లోపలికి పోయి, గదవ ముందుకు వచ్చి, ఆమె ఇంకెవరిలాగో ఉంది.

"సచ్చినామె పండ్లా?" అంది అమ్మ. "సావుకు వోయొస్తే వాకిట్లనే నీళ్ళు వోసుకోనిది గడప తొక్కనియ్యవు. అసొంటి మనిషివి ఎట్ల పెట్టుకున్నవత్తమ్మా? ఎట్ల బుద్ధయింది?"

బాపమ్మ తలుపు చెక్క పట్టుకుంది.

"నేను కొత్తయి చేపియ్యకపోదునా?" అన్నాడు బాపు. "ఒక్క మాట చెప్తే నేనేమన్న మింగుదునా?"

నేను గిలాస సంగతి చెప్పాను. ఈసారి ఎవరూ రెండుసార్లు అడగలేదు.

అమ్మ గూటి దగ్గరికి వెళ్ళి గిలాస తీసింది. కుండలో ముంచింది. సగం నీళ్ళు తాగి, మిగిలినవి బాపమ్మ చేతికి ఇచ్చింది.

"నెల దినాలు," అంది. "నెల దినాలు నేనేం తప్పు చేసిన్నని ఏడ్వని పొద్దు లేదు. నోరుంది గద, చెప్తే ఏమాయె? ఇగ తాగు."

బాపమ్మ తాగింది. నీళ్ళు గదవ మీదుగా కారాయి.

"గది అంటురోగం గాదవ్వా," అంది రూత్ అక్క. "మీ అక్క తల్లెల తింటే రాదు, గిలాసల తాగితే రాదు. ఇంకొకల పండ్లు పెట్టుకుంటే మాత్రం చిగురు ఒరుసుకపోతది. గందుకే ఎవరి నోటి అచ్చు వాళ్ళకు తీస్తరు. ఇగ నువ్వు కొప్పెరల ఉడకవెడితివి. ఉడుకు నీళ్ళల్ల వేస్తే అవి వంకర వోతయి. నేను చెప్పలేనా రెండేండ్ల కింద?"

"చెప్పినవ్. నా పండ్ల గురించి చెప్పినవ్. అక్క పండ్ల గురించి చెప్పలే."

బాపుకు నవ్వొచ్చింది. అమ్మకూ వచ్చింది. రెండు రోజుల్లో మా ఇంట్లో నవ్వు వినడం అదే మొదటిసారి.

రూత్ అక్క చేతులు కడుక్కుని, సంచిలోంచి గ్లౌజులు తీసి తొడుక్కుంది. వెలుతురులో పీట వేసి బాపమ్మను కూర్చోబెట్టింది. నన్ను ఫోను లైటు పట్టమంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలింపజేసి, తడి గుడ్డ వేలికి చుట్టి పసుపును కొద్దికొద్దిగా తుడిచింది. బాపమ్మ నొప్పికి నా మోకాలు పట్టుకుంది.

"ఇగ పుండు మీద పసుపు అద్దకు. ఏ రంగున్నదో ఎవలకు కానస్తలేదు," అంది పని చేస్తూనే. "రేపు కొత్త సెట్టొచ్చినంక పండుకునే ముందు తియ్యాలె. మెత్తటి బ్రష్‌తోని, సబ్బు నీళ్ళతోని తోమి, సల్ల నీళ్ళ గిన్నెల వెయ్యాలె. కడిగేటప్పుడు కింద నీళ్ళ బకీటు పెట్టుకో. చెయ్యి జారినా పగలయి. పండ్లు లేవు గదా అని నోరు కడుగుడు ఇడిచిపెట్టొద్దు. చిగుర్లు, నాలుక గిట్ల తుడువాలె. ఇన్నవా?"

"ఇన్న."

"ఒరుసుకపోయిన పుండు లెక్కనే ఉన్నదన్నా," అంది బాపుతో. "డాక్టర్ సారే చూసి చెప్పాలె. రెండు వారాలు నోట్ల ఏం పెట్టుకోకుంటే గిసొంటియి శాన మట్టుకు మానుతయి. మానకుంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతరు."

"కత్తి వెడితే పాకుతది," అంది బాపమ్మ.

"కత్తి వెడితే పాకదవ్వా. ఆలిశం జేస్తే పాకుతది."

అమ్మ ఊపిరి వదిలింది. బాపు లేచి అంబలి గిన్నె తానే తీసుకొచ్చాడు. రెండు వారాలే కదా అనుకున్నాను. రెండు వారాలు నేను లెక్కపెట్టగలను.

"ఆగన్నా, ఒక్కటి చూసినంక తాపియ్యి," అంటూ రూత్ అక్క బాపమ్మ గదవ కింద రెండు చేతులూ పెట్టింది. కుడి పక్క నొక్కుతూ చెవి దాకా వెళ్ళింది. ఎడమ పక్క నొక్కుతూ వెళ్ళింది.

సగంలో వేళ్ళు ఆగాయి.

వెనక్కి వచ్చాయి. మళ్ళీ అక్కడికే వెళ్ళాయి.

"మింగవ్వా."

బాపమ్మ మింగింది.

"ఇంకోపారి."

రూత్ అక్క ముఖంలో అప్పటిదాకా ఉన్న తేలిక పోయింది. ఆమె బాపు వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.

"అన్నా, బండి ఇంటికాడనే ఉన్నదా? అవ్వను ఇప్పుడే తీస్కపోదాం. నేను సారుకు ఫోన్ జేస్త."

"రెండు వారాలంటివి గదా?"

"ఇప్పుడే పోదాం."

బాపు చేతిలో గిన్నె అలాగే ఉంది. బాపమ్మ మాత్రం బెదరలేదు. పళ్ళు లేని నోటితో, కొంగు అడ్డం లేకుండా అమ్మ వైపు తిరిగింది.

"ఎట్ల పెట్టుకున్నవని అడిగితివి గదా స్వర్ణా."

అమ్మ తల ఊపింది.

"గా మెడకాడి గడ్డ, గీ పండ్లకంటే ముందుగాల్నే ఉన్నది. దీపావళి తెల్లారి నీళ్ళు వోసుకుంటుంటే చేతికి తాకింది. ఇగ అక్క వోయిన తొవ్వనే నాది గూడ అనుకున్న. రోగమే వచ్చినంక, ఆమె పండ్లకు భయపడుడేంది అని పెట్టుకున్న."

వాకిట్లో ఎవరో పసుపు తొక్కుతూ నడిచినట్టు అనిపించింది. ఎవరూ లేరు.

రూత్ అక్క వేళ్ళు ఇంకా బాపమ్మ మెడ మీదే ఉన్నాయి. ఆమె నా వైపు చూసి, చాలా మెల్లగా అడిగింది.

"దీపావళి అయి ఎన్ని దినాలాయె, దీక్షితా?"

నాకు పుస్తకం తెరవాల్సిన పని లేకపోయింది.

"నాలుగు నెలలు దాటింది," అన్నాను.